వైరస్ సాయం లేకుండా కణంలోకి జన్యువు: హైదరాబాద్ ల్యాబుల్లో మొదలుపెట్టేవారికి సమగ్ర మార్గదర్శి

తార్నాక నుంచి ఉప్పల్ వైపు మెట్రో ఎక్కితే నాలుగైదు స్టేషన్ల లోపే ఐఐసీటీ, సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ పరిశోధన సంస్థలు మూడూ వచ్చేస్తాయి. అటు శామీర్‌పేట దాటితే జీనోమ్ వ్యాలీ, ఇటు గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ. జన్యు చికిత్స మీద పనిచేయాలనుకునే తెలుగు పిల్లలకు ఇంతకంటే మంచి ఊరు దొరకదు. కానీ ల్యాబులో చేరిన కొత్తలో దాదాపు అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "కణంలోకి జన్యువును చేర్చడానికి ఏ రీఏజెంట్ మంచిది?"

నా ఉద్దేశంలో అడగాల్సింది అది కాదు. మీ కణంలో, మీరు పంపే జన్యువు ఏ గడప దగ్గర ఆగిపోతోంది? ముందు అది తెలియాలి. అది తెలిస్తే పద్ధతిని ఎంచుకోవడం పెద్ద పనేమీ కాదు. తెలియకపోతే ఎంత ఖరీదైన కిట్ కొన్నా గాలిలో దీపం పెట్టినట్టే. ఈ వ్యాసం ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ విద్యార్థుల కోసం రాస్తున్నాను. తలసీమియా, సికిల్ సెల్ పిల్లల తల్లిదండ్రులకు పనికొచ్చే మాటలు చివరి భాగంలో ఉన్నాయి. వాళ్లు నేరుగా అక్కడికి వెళ్లిపోవచ్చు.

1. వైరస్ ఎందుకు వద్దనుకుంటున్నారో తేల్చుకోండి

కణంలోకి జన్యువును చేర్చడంలో వైరస్‌ను మించింది లేదు. కోట్ల ఏళ్లుగా అది చేస్తున్న పనే అది. అయినా పక్కన పెట్టడానికి గట్టి కారణాలున్నాయి. 1999లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో అడినోవైరస్‌తో జరిగిన ట్రయల్‌లో 18 ఏళ్ల కుర్రాడు రోగనిరోధక వ్యవస్థ తీవ్రంగా స్పందించడంతో చనిపోయాడు. ఇప్పుడు ఎక్కువగా వాడే ఏఏవీ (అడినో-అసోసియేటెడ్ వైరస్) చాలా సాధువైనదే. కానీ దానిలో సుమారు 4.7 కిలోబేస్‌ల, అంటే 4,700 అక్షరాల డీఎన్‌ఏ మాత్రమే పడుతుంది. కండరాల క్షీణతకు సంబంధించిన డిస్ట్రోఫిన్ జన్యువులో ప్రొటీన్‌కు కోడ్ చేసే భాగమే 11 కిలోబేస్‌లు దాటుతుంది. పైగా ఏఏవీ ఒకసారి ఇస్తే శరీరంలో యాంటీబాడీలు తయారవుతాయి, రెండో డోసు ఇవ్వడం కష్టమవుతుంది.

వైరస్ లేని పద్ధతుల్లో సరుకు (అంటే పంపే జన్యుపదార్థం) పరిమాణానికి ఇంత కట్టుబాటు లేదు, మళ్లీ మళ్లీ ఇవ్వొచ్చు, తయారీ రసాయన శాస్త్రం చేతిలో ఉంటుంది. బలహీనత ఒక్కటే, కానీ పెద్దది: పంపినదానిలో చేరాల్సిన చోటికి చేరేది చాలా తక్కువ. మీ సరుకు చిన్నదై, కంటి రెటీనా లాంటి చోట ఒక్కసారి ఇస్తే చాలనుకుంటే ఏఏవీయే మంచి దారి కావచ్చు. దాన్ని మొహమాటం లేకుండా ఒప్పుకోవాలి.

2. మూడు ప్రశ్నలకు జవాబు రాసి గోడకు అంటించండి

ఏ కణం? ఏ సరుకు? ఎంతకాలం పనిచేయాలి?

హెక్ 293 (ల్యాబుల్లో పెంచే మనిషి కిడ్నీ కణాలు) లాంటి వేగంగా విభజన చెందే కణాలు దాదాపు ఏ పద్ధతికైనా లొంగుతాయి. కారణం ఉంది. విభజన సమయంలో కేంద్రకం పొర కరిగిపోతుంది కాబట్టి ప్లాస్మిడ్ (జన్యువును మోసే గుండ్రటి డీఎన్‌ఏ) లోపలికి జారుకుంటుంది. న్యూరాన్లు, విశ్రాంతిలో ఉన్న టీ కణాలు అలా కాదు. వాటి కేంద్రకంలోకి వెళ్లాలంటే సన్నటి రంధ్రాల గుండానే వెళ్లాలి, ప్లాస్మిడ్ అంత పెద్దది అంత తేలిగ్గా పట్టదు. హెక్ కణాల్లో 90 శాతం వచ్చిన పద్ధతి శరీరం నుంచి నేరుగా తీసిన ప్రైమరీ కణాల్లో 2 శాతం ఇస్తే ఆశ్చర్యపోవద్దు.

సరుకు ఎంఆర్‌ఎన్‌ఏ (జన్యువు సందేశపు నకలు) అయితే కేంద్రకం గొడవే ఉండదు. సైటోప్లాజంలోకి చేరితే చాలు, కొన్ని గంటల్లోనే ప్రొటీన్ మొదలవుతుంది, కొద్ది రోజుల్లో ఆగిపోతుంది. ప్లాస్మిడ్ అయితే ప్రొటీన్ బాగా కనిపించడానికి 24 నుంచి 48 గంటలు పడుతుంది. విభజించే కణాల్లో తరం తరానికీ పలచబడిపోతుంది. శాశ్వత మార్పు కావాలంటే క్రిస్పర్ లాంటి ఎడిటింగ్, లేదా స్లీపింగ్ బ్యూటీ, పిగ్గీబ్యాక్ లాంటి ట్రాన్స్‌పోజాన్లు (క్రోమోజోమ్‌లోకి దూరి అతుక్కునే డీఎన్‌ఏ ముక్కలు). ఇక్కడ ఒక హెచ్చరిక. ఆస్ట్రేలియాలో పిగ్గీబ్యాక్‌తో తయారుచేసిన కార్-టీ కణాలు (క్యాన్సర్‌ను వెతికి చంపేలా మార్చిన టీ కణాలు) తీసుకున్న పది మందిలో ఇద్దరికి ఆ కణాల నుంచే లింఫోమా వచ్చిందని 2021లో ప్రచురించారు. వైరస్ లేదు కాబట్టి ప్రమాదం లేదనే మాట ఎవరన్నా నమ్మకండి.

3. దారిలో ఉన్న గడపలు తెలుసుకోండి

వట్టి డీఎన్‌ఏను రక్తంలోకి పంపితే న్యూక్లియేజ్ ఎంజైములు నిమిషాల్లో తునకలు చేస్తాయి. దాన్ని దాటినా కణం పొర మీద రుణావేశం, డీఎన్‌ఏ మీదా రుణావేశం, రెండూ ఒకదాన్నొకటి తోసేసుకుంటాయి. అందుకే ధనావేశమున్న లిపిడ్‌తోనో పాలిమర్‌తోనో డీఎన్‌ఏను చుట్టేస్తాం. ఆవేశం సర్దుకుని, పెద్ద ప్లాస్మిడ్ వంద నానోమీటర్ల స్థాయి ముద్దగా మారి, కణం దాన్ని మింగుతుంది.

చాలామంది ఇక్కడితో పని అయిపోయిందనుకుంటారు. అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. మింగిన ముద్ద ఎండోజోమ్ అనే తిత్తిలో చిక్కుకుంటుంది. ఆ తిత్తి క్రమంగా ఆమ్లంగా మారి లైసోజోమ్‌లో కలుస్తుంది, లోపలున్నది అరిగిపోతుంది. లిపిడ్ నానోకణాలతో (కొవ్వు పదార్థపు సూక్ష్మ గోళాలతో) పంపిన ఎస్ఐఆర్‌ఎన్‌ఏ (జన్యువు నోరు నొక్కే చిన్న ఆర్‌ఎన్‌ఏ)లో ఈ తిత్తిలోంచి బయటపడేది 1 నుంచి 2 శాతమేనని 2013లో లెక్కకట్టారు. ఈ రంగంలో మూడు దశాబ్దాల శ్రమలో పెద్ద భాగం ఈ ఒక్క గడప మీదే ఖర్చయింది. మీ ఫలితం బాగా లేనప్పుడు ఫ్లోరసెంట్ రంగు తగిలించిన డీఎన్‌ఏను ఒకసారి పంపి చూడండి. రంగు కణం లోపల చుక్కలు చుక్కలుగా కనిపిస్తూ ప్రొటీన్ మాత్రం రాకపోతే సరుకు లోపలికి వెళ్లింది, తిత్తిలో ఇరుక్కుంది. అప్పుడు డోసు పెంచి లాభం లేదు, లిపిడ్ మార్చాలి. అసలు రంగే లోపలికి రాకపోతే అది వేరే జబ్బు, దానికి వేరే మందు.

4. పద్ధతిని ఎంచుకోండి

కాల్షియం ఫాస్ఫేట్ 1973 నాటిది, చవకైనది. పీహెచ్ కాస్త అటూ ఇటూ అయితే చాలు పాడైపోతుంది. హెక్ కణాలకు ఇప్పటికీ పనికొస్తుంది. జీన్ గన్ బంగారు రేణువుల మీద డీఎన్‌ఏ పూసి పేలుస్తుంది, మొక్కల వాళ్లకు బాగా ఉపయోగం. హైడ్రోడైనమిక్ ఇంజెక్షన్‌లో ఎలుక శరీర బరువులో 8 నుంచి 10 శాతం ద్రవాన్ని తోక సిరలోకి అయిదు నుంచి ఏడు సెకన్లలో ఎక్కిస్తారు. కాలేయంలో అద్భుతంగా పనిచేస్తుంది, కానీ అదే పద్ధతిని మనిషికి యథాతథంగా చేయలేం.

మిగిలినవి మూడు: ధనావేశ లిపిడ్లు లేదా పాలిమర్లు, ఎలక్ట్రోపొరేషన్ (విద్యుత్ పల్స్), లిపిడ్ నానోకణాలు. నా సలహా ఇది. డిష్‌లో పెరిగే మామూలు కణాలకు పీఈఐ (పాలిఇథిలీనిమైన్ అనే ధనావేశ పాలిమర్) లేదా లిపోఫెక్షన్ (ధనావేశ లిపిడ్‌తో పంపడం). శరీరం బయటికి తీసి మార్చగలిగే రక్తకణాలకు, మూలకణాలకు ఎలక్ట్రోపొరేషన్. శరీరం లోపలికే పంపాలంటే లిపిడ్ నానోకణం. మూడింటినీ ఒకేసారి ప్రయత్నించకండి.

లిపిడ్ల విషయంలో మన ఊరికి సొంత చరిత్ర ఉంది. 1987లో అమెరికాలో ఫెల్గ్నర్ బృందం డాట్మా అనే లిపిడ్‌తో లిపోఫెక్షన్‌కు దారి తీశాక, ఐఐసీటీలో అరవింద చౌధురి బృందం ఏళ్ల తరబడి కొత్త కొత్త ధనావేశ లిపిడ్లను తయారుచేసి పరీక్షించింది. మీరు లిపిడ్ కెమిస్ట్రీలోకి వెళ్లాలనుకుంటే ఆ పేపర్లతో మొదలుపెట్టండి. లిపిడ్ తలలో, తోకలో ఒక చిన్న మార్పు ఫలితాన్ని ఎంత మారుస్తుందో వాటిలో కనిపిస్తుంది.

5. ప్లాస్మిడ్‌ను శుభ్రంగా తీయండి

ట్రాన్స్‌ఫెక్షన్ (కణంలోకి జన్యువును పంపడం) పడలేదని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంటుంది. మినీప్రెప్‌లో (తక్కువ మోతాదులో) తీసిన డీఎన్‌ఏతో సరిపెట్టుకోకండి. బ్యాక్టీరియా ఎండోటాక్సిన్ మిగిలిపోతే ప్రైమరీ కణాలు, ముఖ్యంగా మాక్రోఫేజ్‌లు విపరీతంగా స్పందిస్తాయి. ఎండోటాక్సిన్ తీసేసే మిడీప్రెప్ కిట్ వాడండి. డీఎన్‌ఏ శుద్ధతను చూపే 260/280 కాంతి శోషణ నిష్పత్తి 1.8 దగ్గర ఉండాలి. జెల్ మీద ఎక్కువ భాగం సూపర్‌కాయిల్డ్ పట్టీగా కనిపించాలి. మొదటిసారి తప్పనిసరిగా జీఎఫ్‌పీ (పచ్చగా వెలిగే ప్రొటీన్) ప్లాస్మిడ్‌తోనే చేయండి. పచ్చగా వెలగని కణంలో మీ జన్యువు కోసం వెతకడమంటే ఉట్టికి ఎగరలేనమ్మ స్వర్గానికి ఎగరాలనుకోవడమే.

6. పీఈఐతో మొదటి ట్రాన్స్‌ఫెక్షన్

దీన్ని వివరంగా చెబుతాను. చేత్తో చేస్తేనే పట్టుబడే పని ఇది.

ముందు లెక్క. డీఎన్‌ఏలో ఒక్కో న్యూక్లియోటైడ్ సగటు బరువు 330, దానికో ఫాస్ఫేట్. అంటే 1 మైక్రోగ్రాము డీఎన్‌ఏలో సుమారు 3 నానోమోల్‌ల ఫాస్ఫేట్ ఉంటుంది. పీఈఐలో ఒక్కో నైట్రోజన్‌కు బరువు 43, అంటే 1 మైక్రోగ్రాములో సుమారు 23 నానోమోల్‌ల నైట్రోజన్. ఈ రెండింటి నిష్పత్తే ఎన్/పీ. ఎన్/పీ 10 కావాలంటే మైక్రోగ్రాము డీఎన్‌ఏకు 1.3 మైక్రోగ్రాముల పీఈఐ చాలు. చాలా ల్యాబుల్లో వాడే బరువులో ఒకటికి మూడు అనే కొలత ఎన్/పీ 23 దగ్గరికి వస్తుంది. సీసా మీద హైడ్రోక్లోరైడ్ లవణం అని ఉంటే లెక్క మారుతుంది. అప్పుడు నైట్రోజన్‌కు బరువు 79.5, మైక్రోగ్రాముకు 12.6 నానోమోల్‌లే. పక్క ల్యాబువాళ్ల ప్రోటోకాల్ మీ దగ్గర పనిచేయకపోతే ముందు ఆ లేబుల్ చదవండి.

ముందురోజు సాయంత్రం 24 బావుల ప్లేట్‌లో బావికి లక్ష హెక్ కణాల చొప్పున వేయండి. ప్లేట్‌ను గుండ్రంగా తిప్పకండి, కణాలన్నీ మధ్యలో పోగుపడతాయి. ముందుకూ వెనక్కూ, కుడికీ ఎడమకూ జరపండి. మర్నాటికి బావిలో 70 శాతం దాకా నిండి ఉండాలి.

బావికి అర మైక్రోగ్రాము ప్లాస్మిడ్‌ను 25 మైక్రోలీటర్ల 150 మిల్లీమోలార్ ఉప్పు ద్రావణంలో కలపండి. ఇంకో ట్యూబులో 1.5 మైక్రోగ్రాముల పీఈఐని అంతే ద్రావణంలో కలపండి. పీఈఐని డీఎన్‌ఏలోకి ఒక్కసారిగా పోసి వెంటనే వోర్టెక్స్ చేయండి. ప్రతిసారీ ఒకే క్రమంలో, ఒకే వేగంతో. ఇప్పుడు 15 నిమిషాలు ఆగాలి. ఉప్పు ద్రావణంలో ఈ ముద్దలు పెరుగుతూనే ఉంటాయి కాబట్టి ఫోన్ మాట్లాడుతూ గంట వదిలేస్తే పెద్ద గడ్డలై కణాలను చంపేస్తాయి. ఇంకో మాట. ప్రోటోకాల్‌లో గది ఉష్ణోగ్రత అంటే 22 నుంచి 25 డిగ్రీలు. మే నెలలో ఏసీ ఆగిపోయిన గది దానికి దగ్గర్లో కూడా ఉండదు. ఎండాకాలంలో ఫలితాలు ఊరికే తేడా వస్తున్నాయని బెంగపడేవాళ్లు బెంచ్ మీద ఒక థర్మామీటర్ పెట్టి చూడండి.

చుక్కలు చుక్కలుగా బావి అంతటా వేయండి. ముద్దలు తయారయ్యే ద్రావణంలో సీరం ఉండకూడదు, దానిలోని ప్రొటీన్లు మధ్యలో దూరతాయి. యాంటీబయాటిక్ లేని మీడియం మంచిది. నాలుగు నుంచి ఆరు గంటల తర్వాత మీడియం మార్చండి.

కంట్రోళ్లు తప్పించకండి: ఏమీ వేయని బావి, పీఈఐ ఒక్కటే వేసిన బావి, డీఎన్‌ఏ ఒక్కటే వేసిన బావి, జీఎఫ్‌పీ లేని ప్లాస్మిడ్ వేసిన బావి. చచ్చిన కణాలు కూడా మైక్రోస్కోప్ కింద పచ్చగా మెరుస్తాయి. అందుకే 48 గంటల తర్వాత ఫ్లో సైటోమెట్రీలో, బతికిన కణాలను గుర్తించే రంగుతో కలిపి లెక్కపెట్టాలి. 80 శాతం పచ్చగా ఉన్నాయని రాసి, సగం కణాలు చచ్చిపోయిన సంగతి రాయకపోతే ఆ అంకె ఎవరికీ పనికిరాదు.

7. రక్తకణాలకు ఎలక్ట్రోపొరేషన్

1982లో నాయ్‌మన్ బృందం ఎలుక కణాల్లో చూపించిన పద్ధతి ఇది. క్షణకాలం విద్యుత్ క్షేత్రం ఇస్తే పొరలో రంధ్రాలు తెరుచుకుంటాయి. కణాలను లవణాలు బాగా తగ్గించిన బఫర్‌లో కడగాలి. డీఎన్‌ఏ ద్రావణంలో ఉప్పు మిగిలితే క్యూవెట్‌లో టప్‌మని నిప్పురవ్వ వస్తుంది, ఆ శాంపిల్ పోయినట్టే. పల్స్ అయిన వెంటనే గోరువెచ్చని మీడియంలోకి మార్చండి, పైపెట్‌తో గట్టిగా పీల్చకండి. టీ కణాలకు, మూలకణాలకు ప్లాస్మిడ్ కంటే ఎంఆర్‌ఎన్‌ఏ, లేదా క్రిస్పర్ కత్తెర అయిన క్యాస్9 ప్రొటీన్‌ను, దానికి దారి చూపే గైడ్ ఆర్‌ఎన్‌ఏతో కలిపి పంపడం మేలు. సైటోప్లాజంలో డీఎన్‌ఏ కనిపిస్తే ఆ కణాలు దాన్ని శత్రువుగా భావించి చచ్చిపోతాయి.

2023 చివర్లో బ్రిటన్, అమెరికాల్లో అనుమతి వచ్చిన క్యాస్‌జెవీ అనే సికిల్ సెల్ చికిత్స సరిగ్గా ఇదే పని చేస్తుంది. రోగి మూలకణాలను బయటికి తీసి, ఎలక్ట్రోపొరేషన్‌తో క్రిస్పర్‌ను లోపలికి పంపి, పుట్టాక ఆగిపోయిన పిండదశ హిమోగ్లోబిన్ మళ్లీ తయారయ్యేలా చేస్తారు.

8. శరీరం లోపలికి: లిపిడ్ నానోకణం

2018లో అమెరికాలో అనుమతి పొందిన పాటిసిరాన్ అనే ఎస్ఐఆర్‌ఎన్‌ఏ మందు ఈ దారిలో మైలురాయి. దానిలో నాలుగు లిపిడ్లు ఉంటాయి. అయనీకరణ చెందే లిపిడ్ 50, డీఎస్‌పీసీ 10, కొలెస్టరాల్ 38.5, పీఈజీ లిపిడ్ 1.5, అన్నీ మోల్ శాతాల్లో. మొదటిదే ప్రాణం. దాని పీకేఏ (సగం అణువులు ఆవేశం పుంజుకునే పీహెచ్) సుమారు 6.4. రక్తం పీహెచ్ 7.4 దగ్గర దాదాపు ఆవేశం లేకుండా ఉంటుంది, కాబట్టి విషం తక్కువ. ఎండోజోమ్ ఆమ్లంగా మారగానే ధనావేశం పుంజుకుని తిత్తి పొరను చీలుస్తుంది. మూడో అడుగులో చెప్పిన గడపకు దొరికిన తెలివైన జవాబు ఇదే.

చేసే తీరు: లిపిడ్లను ఇథనాల్‌లో కరిగించాలి, ఎంఆర్‌ఎన్‌ఏను పీహెచ్ 4 బఫర్‌లో ఉంచాలి. మూడు వంతుల నీటి ద్రావణానికి ఒక వంతు ఇథనాల్ చొప్పున వేగంగా కలపాలి. మైక్రోఫ్లూయిడిక్ యంత్రం ఖరీదు చూసి భయపడకండి, సిరంజి పంపు, టీ ఆకారపు గొట్టంతో మొదలుపెట్టవచ్చు. తర్వాత డయాలిసిస్ చేసి ఇథనాల్ తీసేసి పీహెచ్ 7.4కు తేవాలి. సైజు 100 నానోమీటర్ల లోపు, పీడీఐ (సైజుల్లో తేడాను చూపే అంకె) 0.2 లోపు, రైబోగ్రీన్ పరీక్షలో 90 శాతం దాకా ఆర్‌ఎన్‌ఏ లోపల చిక్కుకుని ఉంటే బాగా వచ్చినట్టు. గ్లవుజులు మార్చుతూ ఉండండి, చేతి మీది ఆర్‌ఎన్‌ఏజ్ అంతా పాడుచేస్తుంది.

సిరలోకి ఇచ్చిన నానోకణం మీద అపో-ఈ ప్రొటీన్ అతుక్కుని, కాలేయం దాన్ని లాక్కుంటుంది. కాలేయ జబ్బుకు అది వరం, మిగతావాటికి అడ్డంకి. ఆవేశమున్న అయిదో లిపిడ్ చేర్చి ఊపిరితిత్తులకు, ప్లీహానికి మళ్లించవచ్చని 2020లో డల్లాస్ పరిశోధకులు ఎలుకల్లో చూపించారు. 2025లో ఫిలడెల్ఫియాలో పుట్టుకతో సీపీఎస్1 అనే కాలేయ ఎంజైము లోపమున్న, ఏడాది నిండని బిడ్డకు ఆ బిడ్డ జన్యులోపానికే ప్రత్యేకంగా చేసిన బేస్ ఎడిటర్‌ను (డీఎన్‌ఏలో ఒక్క అక్షరాన్ని మార్చే సాధనాన్ని) లిపిడ్ నానోకణంలో ఇచ్చారు. మూడు డోసులు ఇవ్వగలిగారు. వైరస్ అయితే రెండో డోసే గండం.

మన దేశంలోనూ అడుగులు పడ్డాయి. 2021 ఆగస్టులో అత్యవసర అనుమతి పొందిన జైకోవ్-డీ మనుషులకు అనుమతించిన తొలి ప్లాస్మిడ్ డీఎన్‌ఏ టీకా, సూది లేని పరికరంతో చర్మంలోకి ఇచ్చారు. 2022 మేలో సీసీఎంబీ సొంతంగా రూపొందించిన ఎంఆర్‌ఎన్‌ఏ టీకా సాంకేతికతను ప్రకటించింది. టీకా, జన్యు చికిత్స వేర్వేరు. కానీ ఆ ఎంఆర్‌ఎన్‌ఏ తయారీ, లిపిడ్ కలిపే నైపుణ్యం రెండింటికీ ఒకటే, అది ఇప్పుడు హబ్సిగూడలోని సీసీఎంబీలో ఉంది.

ఫలితాలు చిన్నవైనా ఉన్నవి ఉన్నట్టు చెప్పే నిజాయితీ కావాలి. బ్రిటన్‌లో సిస్టిక్ ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తులను దెబ్బతీసే జన్యు జబ్బు) రోగులకు ప్లాస్మిడ్, లిపిడ్ మిశ్రమాన్ని నెబ్యులైజర్‌తో నెలకోసారి ఏడాది పాటు ఇచ్చి 2015లో ఫలితాలు ప్రచురించారు. ప్లాసిబో వాళ్లతో పోలిస్తే ఊపిరితిత్తుల సామర్థ్యంలో తేడా 3.7 శాతం. రోగి జీవితం మారేంత కాదు. అయినా ఆ పని విలువైనదని నేననుకుంటాను, మళ్లీ మళ్లీ ఇవ్వడం సాధ్యమేనని అది చూపించింది.

9. అనుమతులు ముందే

రీకాంబినెంట్ డీఎన్‌ఏ పనికి సంస్థ బయోసేఫ్టీ కమిటీ, జంతువులకు నైతిక కమిటీ అనుమతి కావాలి. మనుషుల దాకా వెళ్తే ఆర్‌సీజీఎం (కేంద్ర జన్యు మార్పిడి సమీక్ష కమిటీ), సీడీఎస్‌సీఓ (కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ) అనుమతులు, సీటీఆర్‌ఐ (దేశంలోని ట్రయల్స్ నమోదు పట్టిక)లో నమోదు ఉంటాయి. ఐసీఎంఆర్ 2019లో ఇచ్చిన జన్యు చికిత్స మార్గదర్శకాలు చదవకుండా ప్రాజెక్టు రాయకండి. వాడిన ప్లేట్లను ఆటోక్లేవ్ చేశాకే పారేయాలి.

10. తల్లిదండ్రులకు

నగరంలో తలసీమియా పిల్లలు రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించుకుంటారు. ఆదిలాబాద్, భద్రాచలం ఏజెన్సీ నుంచి సికిల్ సెల్ పిల్లలు వస్తారు. వాళ్ల అమ్మానాన్నలు ఇలాంటి వార్త చదివినప్పుడు ఆశపడటంలో తప్పేమీ లేదు. కానీ కొన్ని సంగతులు తెలిసి ఉండాలి. ఏడో భాగంలో చెప్పిన సికిల్ సెల్ చికిత్స క్యాస్‌జెవీలో వైరస్ లేకపోయినా, ముందు గట్టి కీమోథెరపీతో ఎముక మజ్జను ఖాళీ చేయాలి, నెలల తరబడి ఆస్పత్రి చుట్టూ తిరగాలి. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు.

ఎవరైనా జన్యు చికిత్స చేస్తామంటే దేశంలోని ట్రయల్స్ నమోదు పట్టిక సీటీఆర్‌ఐలో దాని నంబర్ అడగండి, ఆ వెబ్‌సైట్‌లో మీరే వెతికి చూడండి. ట్రయల్ అంటూనే లక్షల్లో డబ్బు అడిగితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం 2019 నిబంధనల ప్రకారం మీ హక్కు. సంతకం పెట్టే కాగితం తెలుగులో ఇమ్మని అడగండి. ఇంటికి తీసుకెళ్లి చదువుకుంటామని చెప్పండి. ఏ కణాన్ని మారుస్తారు, దేనితో మారుస్తారు, అది శరీరంలో ఎంతకాలం ఉంటుంది, ఎన్నేళ్లు చెకప్‌కు రావాలి అని అడగండి. వీటికి సూటిగా జవాబు చెప్పలేని చోట బిడ్డను చేర్చకండి.

ఈలోపు చేయగలిగింది ఒకటుంది. బిడ్డలో ఏ జన్యుమార్పు ఉందో కచ్చితంగా చెప్పే డీఎన్‌ఏ పరీక్ష చేయించండి. బీటా తలసీమియాలో వందల రకాల మార్పులున్నాయి, రాబోయే కొన్ని ఎడిటింగ్ చికిత్సలు ఫలానా మార్పుకే పనిచేస్తాయి. అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు, మేనమామల పిల్లలకు కూడా హిమోగ్లోబిన్ హెచ్‌పీఎల్‌సీ పరీక్ష చేయించండి, మేనరికం మాట అనుకునే ముందే. రిపోర్టు కాపీ ఒకటి ఇంట్లో ఫైల్లో, ఒకటి ఫోన్‌లో ఉంచుకోండి. డాక్టర్ మారినప్పుడల్లా ముందు అడిగేది అదే.